జిమ్రీ అన్న బూటు లేసు

మా జిమ్రీ అన్న బూటు లేసు కట్టినంతసేపు కూడా నిలవదు. దక్షిణాఫ్రికాలో మా సెడర్‌బర్గ్ ఇసుకరాతి కొండలెక్కి, పైనున్న రాతిగుడిసెలో ఒక రాత్రి పడుకుని, మర్నాడు దిగే దారిలో ఇరవై ఏళ్లుగా జనాన్ని నడిపిస్తున్నది ఆయనే. నిటారు దారి వచ్చిందంటే చాలు, ఆగి వంగి "ఒక్క నిమిషం, లేసు ఊడింది" అంటాడు. ఆ నిమిషం పది నిమిషాలు.

నవ్వేవాళ్లు నవ్వుకోనీ, నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎందుకంటే ఆ బూట్లు కుట్టింది నేను. మా ఊళ్లో తాతల నాటి నుంచీ బూట్లు చేత్తోనే కుడతాం. మా నాన్న కూర్చున్న బల్ల దగ్గరే నేనూ కూర్చుంటాను. నా బూటు వేసుకుంటే మనిషి ముసలివాడు కావాలి గానీ బూటు పాతబడకూడదు. అలాంటిది ఈయన కొండకొండకూ నా పరువు తీస్తున్నాడు.

లేసు మార్చాను. ఎద్దుతోలు కోసి ఇచ్చాను. మైనం పట్టించాను.

"ఇప్పుడెలా ఉందన్నా?"

"బంగారంలా ఉంది సార్లీనా."

"ఊడుతోందా?"

"ఊడుతోంది."

"పోనీ, లేసే లేని బూట్లు కుట్టనా?"

ఆయన ముఖం వాడిపోయింది. "అంత పని చెయ్యకు చెల్లెమ్మా."

ఇంతలో కేప్‌టౌన్‌లో బూట్ల షాపు ఉన్న హెస్టర్ మేడమ్ వస్తోందని కబురొచ్చింది. మా బూట్లు తొడుక్కుని ఆ దారి నడిచి చూస్తుందట. నచ్చితే మాకు ఏడాదంతా చేతినిండా పని. నచ్చకపోతే నాన్న కొట్టుకు తాళం.

ఆ రోజు వాళ్లతో నేనూ బయల్దేరాను. పొద్దున్నే జిమ్రీ అన్నను మెట్టు మీద కూర్చోబెట్టి, నాన్న నేర్పిన ముడి నా చేత్తోనే వేశాను. ఎద్దులు కట్టి లాగినా ఊడని ముడి అది.

"ఇవాళ గనక ఇది ఊడిందా, జన్మలో నీతో మాట్లాడను."

"సరే తల్లీ."

ఎర్రరాళ్ల నడుమ రెండు గంటలు ఎక్కాం. నావి బల్ల ముందు కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన మోకాళ్లు. ఊపిరి అందడం లేదు. మేడమ్ ఎదుట కూలబడితే ఊరంతటికీ తలవంపులు. ఇక పడిపోతాను అనుకుంటుండగా ముందునుంచి వినిపించింది.

"ఒక్క నిమిషం, లేసు ఊడింది."

మండిపడుతూ ఆయన బూటు వైపు చూశాను. ముడి చెక్కుచెదరలేదు. జిమ్రీ అన్న గోళ్లతో దాన్ని ఊడదీయడానికి నానా అవస్థా పడుతున్నాడు. నా వైపు చూడకుండానే "కూర్చోండి, దీనికి టైం పట్టేలా ఉంది" అన్నాడు. కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

పక్క రాయి మీద హెస్టర్ మేడమ్ కూడా చతికిలబడింది. అలుపుతో ముఖం కందగడ్డలా ఉంది. "ఈ లేసులు ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగింది.

జిమ్రీ అన్న నోరు తెరవబోయాడు, నా కొట్టును కాపాడటానికి కాబోలు. నిజం చెబితే నా బూటు గెలుస్తుంది. కానీ రేపటినుంచి ఆయన వంగితే ఎవరూ నమ్మరు. కొండెక్కే ప్రతి ముసలి ప్రాణమూ తన అలుపు తానే చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకని నేనే ముందు అందుకున్నాను.

"అంతే మేడమ్. నా లేసులు కాస్త జారుడువే."

నాన్న బతికుంటే నన్ను కొట్లోంచి గెంటేసేవాడు. నాకు మాత్రం ఏ బూటు కుట్టినప్పుడూ లేనంత గర్వంగా అనిపించింది.

మర్నాడు కిందికి దిగాక మేడమ్ నా బల్ల ముందు నిలబడి ఆర్డరు రాసిచ్చింది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను.

"షాపు బూట్లకు గట్టి లేసులు వెయ్యి" అంది. "జిమ్రీ గారివి మాత్రం ముట్టుకోకు. వచ్చే నెల మా అమ్మను తీసుకొస్తున్నాను."

గుమ్మంలో ఉన్న జిమ్రీ అన్న గబుక్కున వంగి లేసు సరిచూసుకున్నాడు.