పందొమ్మిది రోజుల చార్జింగు

ప్రాసిక్యూషన్ ఆఫీసులో సైబర్ నేరాల విభాగం పుట్టిన రోజున ఒక ప్రింటరు మొరాయించింది. ఈ రెండింటికీ సంబంధం లేదనుకునేవాళ్లకి ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం లేదన్నమాట. ప్రింటరు పొట్టలో కాగితం ఇరుక్కుంది. డైరెక్టరుగారు దాన్ని మొదట బుజ్జగించారు, తర్వాత బెదిరించారు, చివరికి నెత్తిన రెండు తగిలించారు. అప్పుడే రాంగ్ పార్కింగ్ ఫైలు మీద సంతకం కోసం వచ్చిన జూనియర్ ప్రాసిక్యూటరు వెనక మూత తెరిచి, రెండు వేళ్లతో కాగితం పీకేసింది.

డైరెక్టరుగారు ఆవిణ్ని ఎగాదిగా చూశారు.

"నీకు కంప్యూటర్లు తెలుసన్నమాట!"

"లేదండీ, ఊరికే కాగితం..."

"వినయం కూడా ఉంది," అన్నారాయన. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చేసింది. విభాగానికి ఒక బల్ల, ఒక కుర్చీ, పాత ఫ్యాన్లు దాచుకునే గది మంజూరయ్యాయి. ఫ్యాన్లని మాత్రం ఖాళీ చేయించలేదు. ఆఫీసంతా ఆవిడకి 'ప్రింటరమ్మ' అని పేరు పెట్టేసింది.

హత్య కేసులు చూసే సీనియరుగారికి ఈ విభాగమంటే చిన్నచూపు. "రక్తం లేదు, కత్తి లేదు, శవం అసలే లేదు. కోర్టులో ఏం చూపిస్తావమ్మా, వైఫై గుర్తా?"

"సిగ్నలు బాగుంటే అదీ చూపిస్తానండీ," అంది ప్రింటరమ్మ.

పైకి అలా అందిగానీ లోపల బెరుకే. మర్నాడే వెళ్లి సాయంత్రం పూట నడిచే కంప్యూటరు క్లాసులో చేరింది. తోటి విద్యార్థులు ఆవిడ వయసులో సగం. ఆంటీ అని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. నెల తిరక్కుండా ఆంటీ నోట్సు కోసం కొట్టుకున్నారు. వాదనలు సాధన చేయడానికి ఇంట్లోనే కోర్టు వెలిసింది. అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. భోజనాల బల్ల దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి లాగి, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు," అనేవారు. సర్వరంటే ఏమిటో ఆవిడకి బోధపడేసరికి పదకొండు రోజులు పట్టింది. అత్తగారి దగ్గర నెగ్గిన వాదన ఏ కోర్టులోనైనా నెగ్గుతుందని కోడలి నమ్మకం. భర్త పళ్ల డాక్టరు. ఇద్దరిదీ ఎదుటివాళ్ల నోరు తెరిపించే వృత్తే కాబట్టి, ఆయన ఇంట్లో నోరు మూసుకుని వినేవాడు.

మూడేళ్లు ఇలా గడిచాక డైరెక్టరుగారు పిలిచారు. "ఇంతవరకు నీ విభాగం నుంచి ఒక్క కేసు విచారణకి రాలేదు. ఇప్పుడొకటి వస్తోంది. అది నిలబడితే విభాగం నిలబడుతుంది. పోయిందా, నువ్వు మళ్లీ రాంగ్ పార్కింగే."

వచ్చిన కేసు ఒక డ్రైవింగ్ టీచరమ్మది. ఇరవై ఏళ్లుగా నేర్పిస్తోంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు సందులో బండి తిప్పితే గోడలు కూడా మెచ్చుకునేవి. అలాంటావిడ పేరుతో, ఆవిడ ఫొటోతో ఎవరో నెట్‌లో దొంగ ఖాతా తెరిచి, ఆవిడే రాసినట్టుగా రాశారు: 'బ్రేకుకీ యాక్సిలరేటరుకీ తేడా తెలియకుండానే మా విద్యార్థులు లైసెన్సు తెచ్చుకుంటారు. అదే మా ప్రత్యేకత.' చదివినవాళ్లు ముందు నవ్వారు, తర్వాత ఆవిడ దగ్గరికి రావడం మానేశారు. కారు మూడు నెలలు కదల్లేదు. ఆ రాతలు రెండు వీధుల అవతలున్న మరో డ్రైవింగ్ స్కూలు యజమాని ఫోన్లో దొరికాయి. కేసంతా ఆ ఫోను మీదే నిలబడి ఉంది.

విచారణ రోజు మొదటి సాక్షి, ఫోను స్వాధీనం చేసుకున్న హెడ్ కానిస్టేబులు. మీసం, బూట్లు సమానంగా మెరుస్తున్నాయి. ముద్దాయి తరఫు లాయరుగారు లేచారు. ఆయన గొంతు తేనె, ప్రశ్న తేనెటీగ.

"ఫోను లాబ్‌కి ఎప్పుడు పంపారు?"

"పందొమ్మిది రోజుల తర్వాతండీ."

"అన్ని రోజులూ సీల్లోనే ఉంది కదా?"

"లేదండీ. రోజూ తీసి చార్జింగు పెట్టాను."

జడ్జిగారి కలం ఆగింది. "ఎక్కడ పెట్టారు?"

"సాక్ష్యాల గదిలో ప్లగ్గు లేదండీ. క్యాంటీన్లో, టీ కెటిలు పక్కన."

"అలా పెట్టమని ఎవరు చెప్పారు?" అని లాయరుగారు మరింత తియ్యగా అడిగారు.

"ప్రాసిక్యూటరమ్మగారేనండీ. మా పోలీసులకిచ్చిన ట్రైనింగులో చెప్పారు: 'ఫోన్ని చావనివ్వకండి, చచ్చిందంటే సాక్ష్యం లోపల తాళం వేసుకుని కూర్చుంటుంది' అని. నేను చావనివ్వలేదండీ."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మాట ప్రింటరమ్మ అన్నదే. చార్జింగు సాక్ష్యాల గదిలోనే పెట్టాలి, ఫోను సిగ్నలు అందని సంచిలో ఉండాలి అన్న రెండో మాట టీ విరామం తర్వాత చెబుదామనుకుంది. చెప్పింది కూడా. కాకపోతే టీకి వెళ్లిన తరగతిలో సగంమంది తిరిగి రాలేదు.

లాయరుగారు జడ్జి వైపు తిరిగారు. "అయ్యా, పందొమ్మిది రోజులు ఈ ఫోను క్యాంటీన్లో ఉంది. టీ తాగడానికి వచ్చిన ఎవరైనా అందులో ఏమైనా రాసి ఉండొచ్చు."

హెడ్డుగారి మీసం వాలిపోయింది. తప్పంతా సాక్షి మీదకి నెట్టేసి తను తప్పుకోవడానికి ప్రింటరమ్మకి దారి విశాలంగానే ఉంది. కానీ ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యా, ఆ మాట చెప్పింది నేనే. సగమే చెప్పాను. తప్పు ఆయనది కాదు."

"మీ నిజాయితీకి ధన్యవాదాలు," అన్నారు లాయరుగారు, గెలిచినవాడి మర్యాదతో. జడ్జిగారు భోజన విరామం ప్రకటించారు.

వరండాలో టీచరమ్మ ఎదురొచ్చింది. "ఏమ్మా, మన బండి లోయలో పడ్డట్టేనా?"

"అంచున ఆగిందండీ. ఇంకా పళ్లేదు," అంటూ ప్రింటరమ్మ హెడ్డుగారి వైపు తిరిగింది. "అన్నా, నిజం చెప్పండి. ఆ ఫోన్ని ఇంకెవరైనా ముట్టుకున్నారా?"

"నేనుండగానా!" ఆయనకి రోషం వచ్చింది. "కెటిలు ముట్టుకోవాలన్నా నన్ను అడిగి ముట్టుకున్నారమ్మా. కావాలంటే పుస్తకం చూడండి."

"ఏం పుస్తకం?"

"చార్జింగు పుస్తకం. దీనికి ముందు ఆయుధాల గదిలో పన్నెండేళ్లు చేశానమ్మా. అక్కడ తుపాకీకి నూనె రాసినా పుస్తకంలో రాయాలి. అలవాటైపోయింది."

"ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"మీరు అడగలేదు కదమ్మా."

పోలీసు స్టేషను కోర్టు ముందు రోడ్డుకి అవతలే. ఆయన ఆ వయసులో అలా పరిగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. తెచ్చిన పుస్తకానికి అట్ట వేసి ఉంది. లోపల గీతలు కొట్టిన గళ్లు: 'ఉదయం 10.42, పెట్టాను, 31 శాతం. 11.55, తీశాను, 96 శాతం. పక్కన ఉన్నది: నేను, వంటాయన. స్క్రీను వెలిగించలేదు.' ఇలా పందొమ్మిది రోజులు. ఒక రోజు వంటాయన సెలవు పెడితే అదీ రాసి ఉంది.

లాబ్ నిపుణురాలు వరండా చివర బెంచీ మీద డబ్బా విప్పుకుని తింటోంది. ప్రింటరమ్మ ఆ అమ్మాయి ముందు పుస్తకం తెరిచింది. "నీ రిపోర్టు చివర, ఫోను తనంతట తాను రాసుకునే చిట్టా ఉంటుంది కదా? ఎప్పుడు చార్జింగు ఎక్కింది, ఎప్పుడు తాళం తీశారు అని..."

"అరవై పేజీలండీ. ఇంతవరకు ఎవ్వరూ చదవలేదు," అంది ఆ అమ్మాయి, ఆ బాధ చాలాకాలంగా మోస్తున్నదానిలా. చేయి తుడుచుకుని పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ తినడం మర్చిపోయింది. "10.42, 31 శాతం. 11.55, 96... అండీ, నిమిషాలతో సహా కలుస్తున్నాయి!"

ముప్ఫై ఎనిమిది పద్దుల్లో ముప్ఫై ఏడు కలిశాయి. ఒక్కటి మాత్రం రెండు నిమిషాలు తేడా. హెడ్డుగారు తల గోక్కున్నారు. "ఆ రోజు నా వాచీ రిపేరుకి ఇచ్చానమ్మా. క్యాంటీన్ గడియారం చూసి రాశాను. దాన్ని నమ్మకూడదని నాకు తెలుసు."

భోజనాల తర్వాత జడ్జిగారి ముందు ఒక పక్క పుస్తకం, ఒక పక్క ఫోను చిట్టా. ప్రింటరమ్మ అత్తగారికి చెప్పినంత నెమ్మదిగా చెప్పింది: ఈ ఫోను తాళం చివరిసారి తెరుచుకున్నది ముద్దాయి చేతిలో, స్వాధీనం చేసుకున్న రోజు పొద్దున. ఆ తర్వాత లాబ్‌కి చేరేదాకా తెరుచుకోలేదు. దొంగ రాతలు అంతకు నలభై రోజుల ముందువి. తాళం తీయకుండా టీ తాగేవాళ్లు రాయడం ఎలా?

జడ్జిగారు పెన్సిలు తీసుకుని వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయారు. పదో టిక్కు దగ్గర ఆయన పెదవులు కదిలాయి. ఇరవయ్యో టిక్కుకి అది నవ్వేనని కోర్టుకి రూఢి అయింది. క్యాంటీన్ గడియారం సంగతి విన్నాక లాయరుగారు కూడా కూర్చుండిపోయారు.

రెండు వారాల తర్వాత తీర్పు వచ్చింది. ముద్దాయి దోషి, ఆ రాతలు తనవేనని తన పేరుతోనే నెట్‌లో ప్రకటించాలి. చివర్లో ఒక పేరా: 'సాక్ష్యాన్ని టీ కెటిలు పక్కన ఉంచడాన్ని ఈ కోర్టు హర్షించదు. అయితే ఇంత చక్కగా కాపలా కాసిన పొరపాటును కూడా ఈ కోర్టు ఇదివరకు ఎరగదు.' హెడ్డుగారు ఆ పేరాకి నకలు కావాలని అర్జీ పెట్టుకున్నారు.

డైరెక్టరుగారు విభాగాన్ని శాశ్వతం చేస్తూ సంతకం పెట్టి, ఫ్యాన్లు వేరే గదికి తరలించమన్నారు. హత్యల సీనియరుగారు కోర్టు మెట్ల మీద ఎదురై, "రక్తం లేకపోయినా రక్తి కట్టించావమ్మా," అన్నారు. ఆయన నోట అది పద్మభూషణంతో సమానం.

తీర్పు రోజున వరండాలో, ప్రింటరమ్మ పక్కన నిలబడి టీచరమ్మ ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. అంతలో లాయరుగారు అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చారు.

"అమ్మా, మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఉదయం పూట మీ దగ్గర ఖాళీ ఉంటుందా?"

"అదేమిటి సార్, మీ క్లయింటు స్కూలు ఉందిగా?"

"వాదించడం వేరమ్మా, పిల్లని బండెక్కించడం వేరు."

టీచరమ్మ ఇన్ని నెలలూ తెరవని డైరీని చేతిసంచిలోంచి తీసింది. "సోమవారం ఆరింటికి రమ్మనండి. ఆరంటే ఆరే. నా దగ్గర వాయిదాలుండవు."

ప్రింటరమ్మ పక్కున నవ్వింది. ఎంత నవ్విందంటే బంట్రోతు తలుపు తోసుకుని వచ్చి, లోపల ఇంకో కేసు నడుస్తోందమ్మా, కాస్త నెమ్మది అని ప్రాధేయపడాల్సి వచ్చింది.