టికిరి పిండి, కొరాపుట్ పొయ్యి, మా వంతు రొట్టె

మా తెలుగు చర్చి సంఘంలో ప్రభు బల్లకి, అంటే నెలనెలా అందరం పంచుకునే ప్రభు భోజనానికి, రొట్టె తెచ్చేది వంతుల మీద. ఆ వంతు ఎప్పుడూ ముందు వరసల ఇళ్ళలోనే తిరిగేది. వాళ్ళు కోస్తా నుంచి వచ్చిన టీచర్లు, నర్సులు, ఆఫీసర్లు. మా అమ్మ ఒడిశాలోని ఈ రాయగడ వీధులు ఊడ్చి రిటైరైంది, నేను మునిసిపాలిటీ ఆఫీసులో టైపు చేస్తాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంటికి వంతు రాలేదు. ఈమధ్య వచ్చిన పాస్టరుగారు అందరి పేర్లూ చీటీలు వేసి తీస్తే మా పేరు వచ్చింది. బల్ల పని చూసే సుందరమ్మగారు, పెద్ద నర్సుగా చేసి రిటైరైనావిడ, ఆ పూటే నన్ను పక్కకి పిలిచారు. "నీకెందుకమ్మా శ్రమ? బేకరీలో తెల్లటి మిల్క్ బ్రెడ్ నేను కొనేస్తాలే. మీ పేరే చెప్తాం" అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. మా చేతి రొట్టె వాళ్ళు తినరని నోరు తెరిచి చెప్పలేక ఇన్ని మాటలు! "నా సేత్తోనే సేసి తెస్తానమ్మగారూ. పొట్టు తియ్యని గోధుమ రొట్టె" అనేశాను.

అనడం సులువే. షుగరు వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో అలాంటి రొట్టె కోసం తిరుగుతూనే ఉన్నాను, బ్రౌన్ బ్రెడ్ పేరుతో దొరికేదంతా రంగేసిన మైదాయే. మా వీధి మరలో మిరపకాయల వెనకే గోధుమలు పోస్తారు. పోయినసారి ఆ పిండితో చేసిన చపాతీలకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అందుకని శనివారం ఉదయం ఆరింటి బస్సెక్కి టికిరి వెళ్ళాను. అక్కడొకాయన గోధుమలకి విడిగా రాతి మర పెట్టాడని విన్నాను. ప్రయాణం రెండు గంటలపైనే, టికెట్టు వంద లోపు. సంచిలో మూడు కిలోల గోధుమలు, ఈస్టు పొట్లం, మూతున్న పెద్ద డేగిసా. దిగాక సంత వైపు పది నిమిషాలు నడిస్తే మర కనిపిస్తుంది.

మర ఆయనది సాలూరు వైపు. తెలుగు వినేసరికి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "పొట్టు తియ్యొద్దు బాబూ, ప్రభు బల్లకి రొట్టె" అని చెప్పి టిఫినుకి వెళ్ళాను. అదే నేను చేసిన తప్పు. తిరిగొచ్చేసరికి పిండి మల్లెపూవులా తెల్లగా ఉంది.

"ఓలమ్మో! పొట్టేదీ?"

"దేముడి కాడికి ఎల్లే పిండి కదమ్మా, పొట్టుతో ఎలాగిస్తాను? మా ఆడది రెండు సార్లు జల్లించీసింది. ఆ పనికి డబ్బులొద్దులే."

ఏమనాలి! పాపం, తన మర్యాద కొద్దీ చేశాడు. "మరి పొట్టేటి సేసేరు?" అన్నాను.

"మేకలకని తీసేం. ఇంకా పెట్లేదు."

"మేకలకి ఇంకేదైనా ఎట్టండి. అది నాది, నాకిచ్చీండి."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు గానీ, లోపల్నుంచి బుట్ట తెచ్చి ఇచ్చాడు. అంతా పిండిలో కలిపేశాను. ఆయన భార్య గోరువెచ్చటి నీళ్ళిస్తే ఈస్టూ ఉప్పూ వేసి అక్కడే ముద్ద కలిపి, తడిగుడ్డ కప్పి, డేగిసా ఒళ్ళో పెట్టుకుని పదింటికి, రొట్టె కాల్చే పొయ్యి కోసం, కొరాపుట్ బస్సెక్కాను. ఇది లక్ష్మీపూర్ మీదుగా మూడు గంటల దారి, అన్నీ మలుపులే. దారి సగంలో ముద్ద పొంగి మూత లేపింది. కండక్టరు టికెట్లు కొడుతూ ఆగిపోయాడు. "ఏటమ్మా, లోపల కదుల్తోంది?" అని కంగారుపడ్డాడు. పిండేనని చెప్తే నమ్మక మూత తీయించి మరీ చూశాడు.

కొరాపుట్ బస్టాండు నుంచి ఆటోకి నలభై తీసుకున్నారు. నేను వెళ్ళింది కట్టెల పొయ్యి ఉన్న పాత బేకరీకి. ఓనరు విజయనగరం మనిషి, తన బన్నులు దిగాక పొయ్యి ఇస్తానని ముందురోజు ఫోనులో ఒప్పుకున్నాడు. ముద్ద నొక్కి చూసి పెదవి విరిచాడు. "సగం మైదా కలపాల. లేపోతే ఇటకే!"

"ఇటకైతే ఇటకే. ఏమీ కలపొద్దు."

"పోనీ రంగైనా ఎయ్యనీ అమ్మా, అందంగుంటాది."

"దానికి దాని రంగుంది బాబూ!"

నవ్వేసి పొయ్యిలో పెట్టాడు. రొట్టెలు పొట్టిగానే వచ్చాయి, పైన ఒకచోట పగిలాయి కూడా. కానీ ఆ వాసనకి బయట టీ తాగుతున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. సాయంత్రం రైల్లో జనరల్ టికెట్టు మీద రాయగడ వచ్చేశాను.

ఆదివారం సుందరమ్మగారు రొట్టె పగిలిన చోటు వంగి చూశారు. పెచ్చు కోసి ముక్కలు చేద్దామని కత్తి తీస్తే, పాస్టరుగారు వద్దని చేత్తోనే విరిచారు. పళ్ళెం ముందు వరసల్లోకి వెళ్ళింది. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను మూసుకోలేదు. ముగ్గురు తీసుకోకుండానే పళ్ళెం పక్కకి జరిపేశారు. మూడో చెయ్యి సుందరమ్మగారిది. వెనక వరసలో మా అమ్మ తలొంచుకుంది. ఆ తలొంచుకోవడమే నాకు పట్టరాని కోపం తెప్పించింది.

మిగిలిన రొట్టె తెచ్చినవాళ్ళదే, అది మా పద్ధతి. నేను మూట కట్టుకుని పోలేదు. గుమ్మంలో నిలబడి, బయటికి వచ్చే ప్రతి ఒక్కరికీ ముక్క విరిచి చేతికిచ్చాను. సుందరమ్మగారు వచ్చారు. వెనకాల జనం ఆగిపోయారు. "తీసుకోండమ్మగారూ" అని చెయ్యి చాపి ఉంచాను. ఆవిడ అటూ ఇటూ చూశారు, నేను చెయ్యి దించలేదు. తీసుకున్నారు. అక్కడే నమిలారు. "గట్టిగా ఉంది సువార్తా" అన్నారు.

"గట్టిదేనండి" అన్నాను.

మిగతా ఇద్దరిలో ఒకావిడ తీసుకుంది. ఒకాయన పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు, వెళ్ళనీండి. పన్నెండు గంటల ప్రయాణం, ఒక ముక్క రొట్టె కోసమా అని మా ఆఫీసులో నవ్వారు. నవ్వుకోనీండి. పరాయి రాష్ట్రంలో మనవాళ్ళంటూ ఉన్నది ఆ సంఘమే. అక్కడ కూడా నా చెయ్యి దాచుకుని బతకమంటే నా వల్ల కాదు. మీరూ ఇలా వెళ్ళేటట్టయితే ఒక్క మాట: ముద్ద డేగిసాలో సగానికి మించకుండా పెట్టుకోండి, ఘాట్ రోడ్డు మలుపుల్లో పొంగినా పొర్లదు. వచ్చే నెల చీటీ మా వెనక వీధిలో మాలాంటి వాళ్ళ ఇంటికే వచ్చింది. "తెల్ల బ్రెడ్ కొనిచ్చేద్దామా?" అని వాళ్ళు భయంభయంగా అడిగితే, మా అమ్మ నాకంటే ముందే చెప్పేసింది: "ఎందుకు? గోధుమలు కొను. నానూ వస్తాను."