చెక్కలో ఇంకిన బొట్టు

ఈ ఉదయం షాపు షట్టరు ఎత్తగానే తుపాకీ చెక్కలకు పట్టించే అవిసె నూనె వాసన ముఖానికి కొట్టింది. నిన్న సీసాకు మూత పెట్టడం మరిచింది నేనే కాబట్టి ఇందులో దైవసంకేతం ఏమీ లేదు. అయినా మునిరెడ్డప్పగారు గుర్తొచ్చారు. బెంగళూరులో పాత తుపాకులు బాగుచేసే ఈ షాపు ఆయనది. రోజూ కె.ఆర్.పురం నుంచి వచ్చి ఈ షాపులో కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు రాసే ఉద్యోగం నాది. ఆయన పోయి ఏడాది అయింది. చివరి మాటలేమిటని అందరూ అడుగుతారు. ఆసుపత్రి ఇడ్లీ గట్టిగా ఉందన్నారు, అంతే.

బాగుచేయడమంటే ఆయన లెక్కలో చాలావరకు చేయకుండా ఉండటమే. తుప్పు ఆపాలి, నూనె రాయాలి, చేతులు కట్టుకోవాలి. సేకరించేవాళ్లు కొనేది ఆ పాతదనాన్నే, గీకితే ధర పడిపోతుంది. ఒకాయన తాతగారి తుపాకీని పీణ్యలోని ఫ్యాక్టరీలో మెషీను మీద తళతళలాడేలా పాలిష్ పట్టించి గర్వంగా తెస్తే, "చెంబు బాగుండాదప్పా, తుపాకీ యాడ?" అని అడిగారు.

ఒక దసరాకు ముందు చందాపుర నుంచి ఒక పెద్దాయన రెండు గొట్టాల తుపాకీతో వచ్చారు. అంతకుముందొక ఆయుధపూజ రోజున ఆయన కొడుకు దాన్ని తుడిచి, బొట్టు పెట్టి, గోడకు ఆనిస్తుండగా అది పేలి, ఆ అబ్బాయి పోయాడు. లోపల తూటా ఉందని ఎవరికీ తెలియదు. కేసు ముగిశాక తుపాకీ ఇంటికొచ్చింది. తాత సొత్తు బయటికి పోకూడదని అన్నదమ్ములు పట్టుబట్టారట, ఈసారీ పూజలో పెడతారట. చెక్క పిడిలోకి ఇంకిపోయిన ఆ ఎర్రటి బొట్టు మరక కనిపించకుండా చేయమని ఆయన కోరిక.

మునిరెడ్డప్పగారు ఎప్పటి పాఠమే మొదలుపెట్టారు. గీకితే రేపు కొనేవాడుండడన్నారు. పెద్దాయన అంతా విన్నారు.

"ఆ బొట్టు నా కొడుకు పెట్టింది సార్. మా ఇంటామె దాని ముందర ఎట్ల నిలబడల్ల?"

మునిరెడ్డప్పగారు, బయటివాళ్ల కంట పడకుండా షట్టరు సగం దించమని నాకు చెప్పారు. ఇన్నాళ్ల పాఠాలకు ఈరోజు సెలవా అని నేనన్నాను.

"నోరు మూసుకోని ఆ పక్క పట్టుకోప్పా."

మరక లోతుగా దిగింది. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ, మూడు తరాల చెంపలు ఆనిన నునుపు కూడా పోయేదాకా ఆయన ఆగలేదు. రాలిన ఎర్రటి పొడిని మాత్రం ఊడ్చేయనివ్వలేదు. పొట్లం కట్టి పెద్దాయనకిచ్చారు. ఆయన దాన్ని బస్సు టికెట్టులా చొక్కా జేబులో వేసుకున్నారు.

పండుగ తర్వాత పెద్దాయన మళ్లీ వచ్చారు. పూజలో భార్య దాన్ని గుర్తుపట్టక, ఇది ఎవరిదని అడిగిందట. ఇది చెబుతున్నంతసేపూ చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నారు.

ఆయన వెళ్లాక మునిరెడ్డప్పగారు, "మంచి పని చేసినామంటావా?" అన్నారు. ఆయన నా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. ప్రతిదానికీ జోకు వేసే నేను ఆరోజు నూనె సీసాకు మూత బిగిస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఈ షాపు నేనే చూసుకుంటున్నాను. బాగుచేయిస్తే విలువ తగ్గుతుందా అని అడిగితే, తగ్గుతుందనే చెబుతాను. తర్వాత, ఇంట్లో దీన్ని చూడాల్సింది ఎవరని అడుగుతాను. చాలామంది వెంటనే జవాబు చెబుతారు. చెప్పలేనివాళ్లు వచ్చినప్పుడు లేచి షట్టరు సగం దించుతాను.