ఏలూరు డాక్టరు రాసిన చీటీ

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ధాన్యం బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి మెడ రుద్దుకోవచ్చు. దీన్ని దించే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పిరికితనం అంటారా? అనండి, కాదనను. పేరు తప్ప మిగతాదంతా చెబుతాను.

తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లుకి నేను మేస్త్రీని. ఇరవై రెండేళ్ల నౌకరీ. రెండేళ్లుగా దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పోయిన నెల ఏలూరు ఆస్పత్రికి వెళ్లాను. కళ్లె పరీక్ష చేశారు. వీపు మీద వేళ్లతో తట్టి చూశారు. చివరికి డాక్టరుగారు చెప్పారు, ఇది క్షయ కాదని, మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేసిందని, బతికున్నన్నాళ్లూ ఉండే జబ్బేనని, దుమ్ముకి దూరంగా ఉంటే మాత్రం తొందరగా ముదరదని.

నయం కాదని చెప్పిన మనిషికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. క్షయ కాదన్నారు గదా, అందుకు! రైల్లో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆసామికి కూడా చెప్పాను, ఇది అంటుకునేది కాదండి అని. నా భార్య ఆ పూట కూడా ఎప్పటిలాగే నేను తిన్న కంచంలో వడ్డించుకుని తింది. ఆమెను చూస్తుంటే దావీదు గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడనడం కూడా అబద్ధమే. ఎప్పుడు మరిచాను గనక?

దావీదు భీమడోలు వైపు నుంచి మా మిల్లుకి వచ్చిన కూలీ. ఊక గదిలో పని. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో దుమ్ముకి ఎదుటి మనిషి మొహం ఆనదు. మా దగ్గర ఒక ఆచారం ఉంది. సాయంత్రం పని దిగేటప్పుడు మనిషికో బెల్లం ముక్క ఇస్తారు. అది తింటే గొంతులో దుమ్ము కడుపులోకి జారిపోతుందట. ఏ మహానుభావుడు కనిపెట్టాడో! గోడకి నాలుగు కిటికీలు పెట్టించాలని ఎవరికీ తోచలేదు గానీ బెల్లం మాత్రం ఒక్కరోజు తప్పలేదు. పంచింది నేనే. దావీదు తన ముక్క తినేవాడు కాదు. పంచె కొసకి కట్టుకుని రెండేళ్ల కూతురికి పట్టుకెళ్లేవాడు. అతనికి దగ్గు పట్టుకుంటే అందరిదీ ఒకటే మాట: బెల్లం తినకపోతే దగ్గు రాక ఏమవుతుంది? నేనూ తిట్టాను. నిజంగా నమ్మే తిట్టాను. ఇరవై రెండేళ్లు పూట తప్పకుండా తిన్న బెల్లం నన్నేం కాపాడింది? తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

దగ్గు తగ్గకపోతే ఏలూరు వెళ్లి చూపించుకోమని చెప్పింది నేనే. అంతవరకూ మంచివాణ్ణే. అప్పటి డాక్టరు తెల్లదొర. ఆయనకి తెలుగు రాదు, దావీదుకి అక్షరం రాదు. దొర ఇంగ్లీషులో ఒక చీటీ రాసిచ్చాడు. మేస్త్రీకి ఇమ్మని నర్సమ్మ చెప్పిందట. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో కూడబలుక్కుని చదివాను. ఇతనికి క్షయ లేదు. ఊక దుమ్ము వల్ల వచ్చిన జబ్బు. ఆరుబయట పని ఇవ్వండి. ఆ గదిలో పనిచేసే మిగతావాళ్లందరినీ పరీక్షకి పంపండి.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. గదిలో ఇంకా పదకొండుమంది ఉన్నారు. చీటీ చూపిస్తే యజమాని అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: వీణ్ణి ఆస్పత్రికి పంపిందెవడు? నా మేస్త్రీపని ఆ పూటతో సరి. అదే క్షయ అన్నాననుకోండి, మనిషి తనంతట తానే వెళ్లిపోతాడు. ఇంకెవరూ ఏమీ అడగరు. ఇదంతా ఆలోచించడానికి నాకెంతసేపు పట్టింది? చీటీ మడత పెట్టినంతసేపు.

"ఏం రాశారండీ దొరగారు?" అన్నాడు దావీదు.

"క్షయ అని రాశారు."

అతను గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. నాకు అంటుకుంటుందని.

"తెలీక మీకు దగ్గరగా నిలబడ్డానండీ. ఏమీ అనుకోకండి."

"ఎవరితోనూ అనకు. ఇంటికెళ్లిపో."

"చిత్తమండీ. మీరు నలుగురిలో పెట్టకుండా దాస్తన్నారు. అదే పదివేలండీ."

అతను గేటు దాటాక చీటీని బాయిలర్ మంటలో పడేశాను.

నేను ఎవరికీ చెప్పలేదు. ఊళ్లోవాళ్లకి అతనే చెప్పుకున్నాడు, తన దగ్గరికి ఎవరూ రాకూడదని. ఇంటికి దూరంగా కొల్లేటి గట్టున పాక వేసుకున్నాడట. చర్చిలో అందరూ ద్రాక్షరసం తాగే గిన్నె ముట్టుకోకుండా, గుమ్మం బయటే నిలబడి పాటలు వినేవాడట. మూడేళ్లు అలా గడిపి పోయాడు. నేను నిజం చెప్పి ఉంటే బతికేవాడా? ఏమో. మా యజమాని మంచివాడు కాదు, కానీ అబద్ధమాడమని ఆయన నాతో అనలేదు. ఎవరూ అడక్కుండానే ఆడాను. నా కోపమంతా ఆయన మీదికి తోసేద్దామని ఎన్నిసార్లు చూసినా ఈ ముక్క అడ్డం వస్తుంది.

మొన్న ఆదివారం దావీదు భార్య రాహేలు దగ్గరికి వెళ్లాను. వాకిట్లో చేపలు ఎండబోస్తోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె చేతిలో పని ఆపకుండా వింది. ఆఖరికి ఒక్కటి అడిగింది.

"అయితే అది అంటుకునేది కాదాండీ?"

"కాదమ్మా."

"మూడేళ్లూ పిల్లని గట్టు మీంచే చూసుకున్నాడండీ. పిలిస్తే పరిగెత్తుకొస్తదని పేరెట్టి పిలిచేవోడు కూడా కాదు. ఎత్తుకోవచ్చన్నమాట."

ఆ మాట అని లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

క్షమించమని అడగడానికే వెళ్లాను. ఆ మాట విన్నాక అడక్కుండానే వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు ఈ నిజం తెలిసినవాళ్లం ముగ్గురం, ఆమె, నేను, మీరు. తెలియాల్సిన మనిషి తెలియకుండానే పోయాడు. ఇంటికొచ్చి పడుకుంటే, ఎనిమిదేళ్లలో మొదటిసారి, పడుకున్న వెంటనే నిద్ర పట్టింది. అలా పట్టినందుకు కూడా నా మీద నాకు ఒళ్లు మండుతూనే ఉంది.