కంబళి ఉతికిన పాపం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు తెలిసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చదువు ముగియగానే అనంతపురంలో ఒక సంస్థలో చేరాను. గొర్రె ఉన్నికీ, పత్తికీ, కిత్తనారకూ మంచి రోజులు తెస్తామని బోర్డు పెట్టుకున్న సంస్థ. మా సారు రోజుకు పదిసార్లు ‘సస్టెయినబుల్’ అనేవాడు, ఒంటి మీద పాలిస్టర్ చొక్కాతో. ఆ చొక్కాను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది, దాచుకోను. మడకశిర వైపు పల్లెల్లో గొర్రెల బొచ్చు కత్తిరించి, కొనే దిక్కులేక కంపచెట్ల కింద పారబోస్తుంటే, మేము ఏసీ గదిలో కూర్చుని ఉన్ని భవిష్యత్తు మీద చార్టులు గీసేవాళ్ళం.

ఆ పల్లెల్లో ఒకదానిలో కంబళి తాత ఉండేవాడు. (అసలు పేరు రేషన్ కార్డుకే తెలుసు.) నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్ళు దింపుకుని కూర్చుని నేసే మగ్గం ఊళ్ళో ఆయనదొక్కటే మిగిలింది. కంబళ్ళు అమ్ముడుపోవడం లేదు కాబట్టి ఆ గుంత పూడ్చి, అక్కడ బైకు పెట్టుకుంటానని కొడుకు పట్టు పట్టాడు. మా సారు బెంగళూరు నుంచి కొనేవాళ్ళను పిలిచి సభ పెడుతున్నాడని, వాళ్ళకు ఒక్క కంబళి నచ్చితే ఏడాదంతా పని ఉంటుందని నేనే తాతను ఒప్పించాను. ఆయన నెల రోజులు కూర్చుని నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి, నా చేతిలో పెట్టి, ఇది గానీ పోతే గుంతలో మన్ను పడినట్టేనని చెప్పాడు.

ఆ కంబళి అట్టలాగా బిర్రుగా ఉంది. గొర్రెల మంద వాసన గుప్పున కొడుతోంది. సభ రేపనగా మా సారు ముక్కు మూసుకుని, ఈ కంపు సంగతేదో చూడమన్నాడు. చూశాను. మా అక్క కొత్తగా కొన్న వాషింగ్ మెషీన్‌లో దాన్ని కుక్కి, వేడినీళ్ళ మీట నొక్కి, మల్లెపూల వాసన వచ్చే ద్రవం రెండు మూతలు ఎక్కువే పోశాను. ఒకరిని అడిగే అలవాటుంటే కదా! ఆ గంజి ఉంటేనే కంబళి వానకు తట్టుకుంటుందని, వేడినీళ్ళలో తిరిగితే ఉన్ని ముడుచుకుపోతుందని ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. గంట తర్వాత బయటికి వచ్చింది కాళ్ళు తుడుచుకునే పట్టా కంటే కాస్త పెద్దది. అక్క నవ్వి నవ్వి కూలబడింది. బావను బతిమాలి ఒక అంచు పట్టుకుని లాగించాను. పొడవు పెరగలేదు గానీ వంకర వచ్చింది.

సారుకు చెప్పే ధైర్యం లేదు, తాతకు చెప్పే ముఖం లేదు. అలాగే సభలో విప్పాను. ముందు వరసలో ఉన్న తాత లేచి నిలబడ్డాడు. బెంగళూరు నుంచి వచ్చినావిడ ఇదేమిటని అడిగితే, కుర్చీ మీద వేసుకునే ఆసనమని మా సారు తడుముకోకుండా చెప్పాడు. అలాంటివి తమకు మిల్లు నుంచే చవగ్గా వస్తాయని ఆవిడ పక్క బల్లకు వెళ్ళిపోయింది. నెల రోజుల పని, ఒక నిమిషంలో అయిపోయింది. ఆ పైన సన్మానం. మేనెల ఉక్కలో తాత భుజాల మీద మా సారు తళతళలాడే శాలువా కప్పాడు. (పాతూరు బజారులో డజన్ లెక్కన కొన్నది నేనే. నూటికి నూరు పాళ్ళు పాలిస్టర్.) తాత దాన్ని వేళ్ళతో నలిపి చూసి, మైకు ముందే నన్ను అడిగాడు.

“ఇది ఏ గొర్రెది పాపా?”

హాలంతా నవ్వింది. మా సారు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. నా మీద వచ్చింది అసలే చల్లారలేదు. బస్టాండు దాకా తాత వెంట వెళ్ళి, జరిగింది చెప్పి, అందరి ముందూ ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు.

“ఏడిస్తే కంబళి పెద్దదవుతాదా? ఆదివారం వచ్చి గుంతలో కూచో. మనిషి కూచోనుండంగ నా కొడుకు మన్ను యాడ పోస్తాడో నేనూ చూస్తా.”

వెళ్ళాను. ఆడవాళ్ళు ఉన్ని వడకాలి గానీ మగ్గంలో కూర్చోవడం ఎక్కడైనా ఉందా అని తాత భార్య, అవ్వ, నెల్లాళ్ళు గొణిగింది. కొడుకు బైకు తోసుకుంటూ గడప దాకా వచ్చి, నన్ను చూసి పళ్ళు కొరికి వెనక్కి తిరిగేవాడు. ఆ ఉద్యోగం ఎప్పుడో మానేశాను, ఆదివారాలు మానలేదు. తాతకు చూపు మందగించింది, మంచం మీద నుంచి తిడతాడు. నేను నేసింది ఏ ఊరివాళ్ళూ కొనరు; అంచు పాము పాకినట్టు పోతుంది. అన్నీ తెలిసిన ఆ పిల్లను తలుచుకుంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది, అంతలోనే నవ్వూ వస్తుంది. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేసి గుంతలోంచి లేవలేక కొడుకునే పిలుస్తాను. అతను ఎండలో కాలిన బైకును తిట్టుకుంటూ వచ్చి, చెయ్యి పట్టుకుని పైకి లాగుతాడు. ఇంకా ఎన్నాళ్ళని అడుగుతాడు. అంచు నేరుగా వచ్చేదాకా అంటాను. అది రాదని ఇద్దరికీ తెలుసు.