మహారాణి ఆగిన చోటల్లా

గోడకి వేలాడే ఆ కళ్లెం మీద తువ్వాళ్లు ఆరేసుకోవడం తెలుసుగానీ, అదెవరిదని మీలో ఒక్కరైనా అడిగారా? ఊళ్లో వాళ్ల సంగతులన్నీ కావాలి మీకు, మా తమ్ముడి సంగతి మాత్రం అక్కర్లేదు. అడక్కపోయినా చెప్తాను, వినండి.

ఈ దీవి చూడ్డానికి పడవల్లో వచ్చేవాళ్లని గుర్రాలెక్కించి అడవి దారుల్లో తిప్పుకొచ్చేవాడు వాడు. ముప్పై ఏళ్లు అదే పని. ముందు వాడి గుర్రం, వెనక వరసగా నలుగురో అయిదుగురో. చివరి పన్నెండేళ్లూ వాడెక్కింది మహారాణిని. పేరుకే మహారాణి, ఒళ్లంతా పేడ కంపు. చీలిన బండ దగ్గర ఆగి సముద్రం చూపించేవాడు. వాగు దగ్గర గుర్రాలకి నీళ్లు పట్టేవాడు. వంగిన కొమ్మ దగ్గర ఆగి, "తలలు దించండి బాబూ, దీనికి మొహమాటం తెలీదు" అనేవాడు. ఆగీ ఆగీ, పగ్గం లాగకుండానే ఆ చోట్ల ఆగడం మహారాణికి అలవాటైపోయింది.

యాభై దాటాక వాడికి చూపు తగ్గింది. నాకొక్కదానికే చెప్పాడు.

"మహారాణికి కనపడుతోందిగా అక్కా, చాల్లే."

"ఎవర్నైనా లోయలో పడేస్తే?"

"దానికి నాకంటే బుద్ధెక్కువ. లాయం ఓనరు చెవిన పడిందో, నా పనైపోయినట్టే. నీ నోరు జాగ్రత్త."

చెప్పనని ఒట్టేశాను. రెండేళ్లు ఎవరికీ తెలీలేదు. మహారాణి ఆగేది, వీడు చెయ్యి చాపి, "చూడండి, సముద్రం ఎంత నీలంగా ఉందో" అనేవాడు. మబ్బు పట్టి బూడిదలా ఉన్న రోజూ నీలమే. వచ్చినవాళ్లు వీణ్ణి కవి అనుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఓనరూ, లాయంలో పనివాళ్లూ మా ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. తమ్ముడు చేపముక్కలో ముల్లు కోసం వేళ్లతో తడుముకుంటున్నాడు. నా మాటలకి అందరూ నవ్వుతున్నారేమో, నాకూ ఊపొచ్చేసింది.

"పళ్లెంలో ముల్లు కనపడదుగానీ, ఊరందరికీ సముద్రం చూపిస్తాడు!" అనేశాను.

అందరూ విరగబడి నవ్వారు. ఓనరు నవ్వలేదు. మూడు వేళ్లు చూపించి, "ఇవెన్నయ్యా?" అన్నాడు. తమ్ముడు నా వైపు మొహం తిప్పాడు. ఏ పిట్టకథో చెప్పి మాట మార్చేస్తానని వాడి ఆశ. ఇంత నోరున్నదాన్ని, అప్పుడు మాత్రం ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయాను.

మర్నాటి నుంచి మహారాణి మీద వేరేవాడు ఎక్కాడు. ఓనరుది తప్పనను, జనం ప్రాణాలతో పని. నేనే వాణ్ణి పక్కకి కూర్చోబెట్టి, నెమ్మదిగా నచ్చజెప్పి మాన్పించాల్సింది. నలుగురిలో నవ్వులపాలు చేశాను.

వాడు నన్ను ఒక్క మాటనలేదు. ఒకటే అడిగేవాడు. "అక్కా, ఓనర్ని అడిగి మహారాణిని తెచ్చుకుందాం. నువ్వు పగ్గం పట్టుకుని నడువు, నేనెక్కుతాను. చీలిన బండ దగ్గర సముద్రం ఏ రంగులో ఉందో చెప్పు, చాలు."

"ఉతకాల్సిన బట్టలున్నాయిరా, రేపు" అనేదాన్ని. బట్టల్లేవు, పాడూ లేవు. వాడి పక్కన నడవడానికి మొహం చెల్లక అలా అనేదాన్ని. నాలుగేళ్లు అలా రేపు, రేపు అంటూనే గడిపాను. మహారాణి చచ్చిపోతే లాయం వాళ్లు ఆ కళ్లెం తెచ్చి వాడి చేతిలో పెట్టారు. ఆ తర్వాత వాడు అడగడం మానేశాడు. ఆ చలికాలమే జ్వరమొచ్చి పోయాడు.

పదో రోజున నేనొక్కదాన్నే చీలిన బండ దాకా నడిచి వెళ్లాను. నీలంగానే ఉంది, పాడు సముద్రం.

పోయేనాటికి వాడికి యాభై ఏడేళ్లు.