వెనక సందులోకి దించిన లైవ్

మొన్న నా మూలంగా బర్మాలో, మా పజుండౌంగ్ పేటలో ఒక వీధి వీధంతా పారలు, గంపలు పట్టుకుని పరిగెత్తింది. నమ్మరు కదూ? మంటలు రేగలేదు, వరద రాలేదు. ఒక ఫోను, ఒక తాడు, ఆ రెంటికీ పైన నేను. అంతే! కూచోండి, చెబుతాను. టీ చల్లారితే మళ్లీ పెడతాను. నాకు వేరే పనేటుంది?

సేక్కాన్ రేవులో ఓడల సరుకు దించే వించి తిప్పిన అప్పలస్వామి అంటే నేనే. ఓడలోంచి రైలింజను దించితే, పక్కనే పడుకున్న కుక్కకి నిద్ర చెడలేదు. కెప్టెను దిగొచ్చి నా రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. చెప్పినప్పుడల్లా ఆ ఇంజను కాస్త పెరుగుతోందని మా ఆవిడ అంటుండేది. ఆవిడ పోయాక ఆపే మనిషి లేక మరీ పెరిగిపోయింది. ఇప్పుడు దానికి నాలుగు పెట్టెలు కూడా ఉన్నాయి.

మాది అయిదో అంతస్తు. లిఫ్టు లేదు. ఇక్కడ ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కింద క్లిప్పు, పైన గంట. కిందవాడు లాగితే పైన మోగుతుంది. పేపరు, కూరలు, కరెంటు బిల్లు అన్నీ తాడు పట్టుకుని పైకొస్తాయి. మనుషులు మాత్రం రారు.

ఇక మా వెనక సందు. రెండు వరసల భవనాల వంటగదులూ దాని మీదకే తెరుచుకుంటాయి. అందరూ కిటికీలోంచే చెత్త వదిలేస్తారు. గేటుకి తాళం. తాళంచెవి ఏమైందో వార్డు ఆఫీసుకే తెలీదు. వానాకాలం వస్తే కాలవ పూడిపోయి, నీళ్లన్నీ కింద వాటాలో ఉండే డా ఖిన్ ఇంట్లోకి. పాపం, మంచం మీద మంచం వేసుకుని కూచుంటుంది. ఆఫీసుకెళ్లి అరిచి అరిచి వచ్చాను. నాలుగో అంతస్తు పార్వతి, ఫోన్ల షాపులో పనిచేస్తుంది, మన గంజాం వాళ్ల పిల్లే, మెట్ల మీద నన్ను ఆపింది.

"తాతా, ఆఫీసుకెల్లి ఎన్నాళ్లు అరుస్తావు? లైవ్ పెట్టు. ఈది గ్రూపులో అందరూ సూస్తారు. దాన్నే అవేర్‌నెస్ అంటారు."

"అందరూ అంటే? నేను మాటాడతంటే అందరూ ఇంటారా?"

"ఇంటారు. లైకులు కొడతారు, కామెంట్లు పెడతారు."

చూశారా! నేను నోరు తెరిస్తే వీధి వీధంతా వినడం! సందు బాగుపడాలనే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టకుండా చేసింది సందు కాదు, ఆ అందరూ! ఉపన్యాసం తయారుచేశాను. చెత్తతో మొదలై, కాలవలోకి, కాలవలోంచి నదిలోకి, నది మీదుగా రేవుకి, రేవులో నా రైలింజను దగ్గరకి వచ్చి ఆగేలా. గడ్డం గీసుకున్నాను. మీసానికి రంగేశాను. తెల్లచొక్కాకి ఇస్త్రీ నేనే చేసుకున్నాను.

"కిటికీలోంచి తీస్తే సాలు తాతా," అంది పార్వతి, లైవ్ ఎక్కడ నొక్కాలో చూపించి కిందకి పోతూ.

పైనుంచి తీస్తే ఏం కనిపిస్తుంది? చెత్త ముఖంలో ముఖం పెట్టి తీయాలి! గేటుకి తాళం ఉంటే ఏం, నాకు తాడు లేదూ? బాల్కనీ తాడు విప్పి వంటగది కిటికీకి తెచ్చాను. లైవ్ నొక్కాను. ఫోనుని క్లిప్పుకి తగిలించాను. "ఆరియా... ఆరియా..." అని నాకు నేనే చెప్పుకుంటూ దించాను. రేవులో దించమనడానికి అరిచే మాట అది. పసిపాపని ఉయ్యాల్లో వేసినట్టు దించాను!

తప్పెక్కడ జరిగిందంటే, గాల్లో వేలాడే సరుకు తిరుగుతుంది. తిరక్కుండా రేవులో దానికి ఇంకో తాడు కట్టి, కింద ఇద్దరు పట్టుకుంటారు. ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. ఆ ఇద్దరూ ఎక్కడ దొరుకుతారన్నదే తెలీలేదు.

ఫోను గిర్రున తిరిగి, చెత్తకి వీపు పెట్టి, కిటికీలకి కళ్లప్పగించింది.

పైన నాకేం తెలుసు? తాడు మెల్లగా వదులుతూనే "మహాజనులారా!" అని ఎత్తుకున్నాను. తెలుగులో ఒకసారి, బర్మీస్‌లో ఒకసారి, ఓడ కెప్టెన్ల ఇంగ్లీషులో ఒకసారి. పావురాలు లేచిపోయాయి. ఈలోగా మూడో అంతస్తులో, డాక్టరు మాట మీద నీసు మానేశానని వీధంతా చాటుకున్న ఊ తిన్, బాండీ ముందు నిలబడి ఎండుచేప వేలితో తీసి నోట్లో వేసుకోవడం ప్రత్యక్ష ప్రసారం అయిపోయింది. రెండో అంతస్తులో కో జో. మా వీధి సింహం. ఆడవాళ్ల లుంగీ ముట్టుకుంటే మగాడి తేజస్సు పోతుందని ఇక్కడ నమ్మకం. ఆ సింహం పీట మీద గొంతుక్కూచుని పెళ్లాం లుంగీలు ఉతుకుతోంది, పాట పాడుతూ.

టపటపా కిటికీలు మూసుకుంటున్నాయి. ఎవరో అరుస్తున్నారు. ఆహా, జనం కదిలారు! నేను గొంతు పెంచాను. సరిగ్గా రైలింజను దగ్గరకి వచ్చేసరికి, నాలుగో అంతస్తు కిటికీలోంచి ఒక చెయ్యి బయటకొచ్చి చెత్త సంచీ వదిలేసింది. ఎవరి చెయ్యి? మన అవేర్‌నెస్ పార్వతిదే! సంచీ సూటిగా వెళ్లి ఫోను మీద పడింది. క్లిప్పు ఊడింది. చేతిలో తాడు తేలికైపోయింది. నా జన్మలో సరుకు జారడం అదే మొదలు.

అంతలో, నా తలుపు! ఎవరో తలుపు కొడుతున్నారు! గంట కాదండీ, తలుపు! నేను ముందు టీకి నీళ్లు పెట్టి, ఆ తరవాత తీశాను. కో జో, ఊ తిన్, వెనక పార్వతి, ఇంకా ఎవరెవరో. అందరికీ ఆయాసమే.

"ఊ అప్పలస్వామీ! ఫోనేదీ? ఆ వీడియో తీసెయ్యి, ఇప్పుడే!" అన్నాడు కో జో. ఊ అంటే ఇక్కడ పెద్దాయన అని.

"ముందు కూచో నాయనా. ఉపన్యాసం ఎలా ఉంది?"

"ఏ ఉపన్యాసం?"

"నేను తినలేదు. ఉప్పు చూశానంతే," అన్నాడు ఊ తిన్, ఎవరూ అడక్కుండానే.

పార్వతి తల దించుకుంది. "తాతా, ఫోను కింద, నువ్వు పైన. జెనరేటర్ల మోత. నీ మాట ఒక్కటీ ఇనపళ్లేదు. ఆ సంచీ నేను కాదు తాతా, సెయ్యి అలవాటది."

"ఎవరూ ఇనలేదా?"

"సూడ్డం మట్టుకు అందరూ సూసినారు. ఏటవతల తాకేటాలో మా పిన్ని కూడా సూసింది. వీడియో తీసెయ్యాలంటే నీ ఫోనే కావాలి."

ఇన్నేళ్లుగా దొరకని గేటు తాళంచెవి, నా టీ నీళ్లు మరిగేలోపు దొరికింది! పారలు వచ్చాయి. గంపలు వచ్చాయి. డా ఖిన్ చీపురు పట్టుకుని అందరికన్నా ముందు దూకింది. నేను కిటికీలో నిలబడ్డాను.

"ఊ! ఇక్కడా?"

"కాదు, ఇంకా అవతలకి!"

"ఇక్కడా?"

"ఇంకాస్త!"

సరుకు ఎక్కడ పడిందో వించి మనిషికి తెలీదా? సరిగ్గా నా కిటికీ కింద పడింది. కానీ ఆ చివర నుంచీ తవ్వించాను. సందు కోసమనే మీరు అనుకోండి. అన్ని ముఖాలు ఒక్కసారి పైకెత్తి నన్ను చూసి, నా మాట కోసం ఆగుతుంటే, ఎలా చెప్పమంటారు? సాయంత్రం దాకా లాగాను.

ఫోను దొరికింది. కో జో నా వేలు పట్టుకుని మరీ డిలీట్ చేయించాడు. "పైకి రండి, టీ పెట్టాను," అన్నాను. అందరూ మెట్ల వంక చూశారు. "ఇంకోసారి, ఊ," అన్నారు. గిన్నెడు టీ నేనే తాగాను.

మొదటి వాన పడింది. కాలవ గలగలా పారింది. డా ఖిన్ గుమ్మం కూడా తడవలేదు. ఉద్యమం జయప్రదం! అయితే నా తాడు భయానికి వెనక కిటికీలన్నిటికీ పరదాలు వెలిశాయి. ఎవరూ తియ్యరు. ఎవరూ విసరరు. ఇదివరకు ఎవరో ఏదో విసిరితే నేను తిట్టేవాణ్ణి, వాళ్లు తిరిగి తిట్టేవారు. రోజు మొత్తం మీద నేను మనుషులతో మాట్లాడేది అదేనని ఇప్పుడు తెలిసింది.

నిన్న మధ్యాహ్నం అరటిపండు తిన్నాను. తొక్క చేతిలో ఉంది. కింద సందు అద్దంలా మెరుస్తోంది. ఎక్కడా చప్పుడు లేదు. ఇటు చూశాను, అటు చూశాను. వదిలేశాను.

టప్!

రెండో అంతస్తు కిటికీ దభీమని తెరుచుకుంది. "ఎవడ్రా అది? సిగ్గులేదా?"

"నేనే నాయనా! అప్పలస్వామిని!"

అబ్బ, ఏం తిట్టాడండీ! తీరిగ్గా, పూర్వాపరాలతో సహా తిట్టాడు. నేనూ మాటకి మాట అందించాను. ఊ తిన్ కూడా పరదా తీసి రెండు కలిపాడు. తరవాత అయిదంతస్తులూ దిగి, తాళంచెవి అడిగి తెచ్చుకుని, ఆ తొక్క నేనే ఎత్తి, మళ్లీ అయిదంతస్తులూ ఎక్కాను.

ఈవేళ మా సందులో చెత్త వేసేవాడు ఒక్కడంటే ఒక్కడే మిగిలాడు. ఉద్యమ నాయకుడు!